క్రూడ్ పడితే పెట్రోల్ ఎందుకు పడదు

ఒరే చిన్నోడా, అమ్మడూ,

క్రూడ్ ఆయిల్, అంటే ముడి చమురు, సగానికి పడిపోయిందని టీవీ వాడు ఊదరగొడుతుంటే మన బంకులో రేటు కదలదేంటి తాతయ్యా అని అడిగారు కదా, ఫోన్లో తెమిలేది కాదని రాస్తున్నా, లెక్కలున్నాయి, పెన్ను పట్టుకుని చదవండి.

క్రూడ్ బ్యారెల్ లెక్కన అమ్ముతారు, బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. బ్యారెల్ 80 డాలర్లు, డాలర్ 85 రూపాయలు అనుకోండి, 6800 అయ్యింది, 159 పెట్టి భాగిస్తే లీటరు 43 రూపాయల్లోపే. మనం కట్టేది వంద పైన. మరి మిగతాది? రిఫైనరీలో శుద్ధి చేసే ఖర్చు (క్రూడ్‌లోంచి ఒక్క పెట్రోలే రాదు, గ్యాసు, కిరోసిను, డీజిలు, అడుక్కి రోడ్డు మీద వేసే తారు కూడా), ట్యాంకర్ కిరాయి, బంకు ఓనర్ కమీషను, ఇవన్నీ చిన్నవే, పెద్ద వాటా పన్నులది. కేంద్రం ఎక్సైజు లీటరుకి ఇన్ని రూపాయలని కట్టేసి ఉంటుంది, క్రూడ్ పడ్డా అది పడదు. దాని మీద మన ఆంధ్రా ప్రభుత్వం వేసే పన్ను, వ్యాట్, 31 శాతం, ఆపైన ఇంకో 4 రూపాయలు, రోడ్డు సెస్సని ఒక రూపాయి.

నమ్మకం కుదరకపోతే ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళి చూడండి. అదే గౌతమి గోదావరి, అదే క్రూడ్, రేటు మాత్రం తక్కువ, ఎందుకంటే అది పుదుచ్చేరి కిందకొస్తుంది, అక్కడ వ్యాట్ తక్కువ. అందుకే మనోళ్ళు అటు పనుంటే ఇక్కడ అరలీటరుతో సరిపెట్టుకుని అక్కడ ట్యాంక్ నింపించుకొస్తారు.

మన కోనసీమ కిందే ఆయిలుంది, తాటిపాకలో ఓఎన్జీసీ వాళ్ళ చిన్న రిఫైనరీ కూడా ఉంది, మనకైనా చవగ్గా ఇవ్వొచ్చుగా అంటారు కొందరు. మన దగ్గర పడేది ఎక్కువ గ్యాసేరా, 1995లో పాశర్లపూడి బావి రెండు నెలల పైన మండింది కూడా ఆ గ్యాసు వల్లే. దేశానికి కావాల్సిన క్రూడ్‌లో 85 శాతం పైనే బయట్నుంచి కొంటున్నాం, ఇక్కడ తీసిన దానికి కూడా ప్రపంచ మార్కెట్ రేటే కడతారు, మన తోటలో కొబ్బరికాయైనా అంబాజీపేట మార్కెట్ రేటుకే అమ్ముతాం గానీ పక్కింటోడని సగానికి ఇస్తామా?

నాకు ఒళ్ళు మండేది 2020 సంగతికి. ఏప్రిల్లో అమెరికా క్రూడ్ ఒక రోజు సున్నా కిందకి పోయింది, మే వచ్చేసరికి కేంద్రం పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు ఎక్సైజు పెంచేసింది. తగ్గాల్సింది కాస్తా ఖజానాకి పోయింది. 2017 నుంచి రోజూ రేటు మారుస్తామన్నారు, ఎలక్షన్లొస్తే మాత్రం నెలల తరబడి కదలదు, అదేం చోద్యమో.

ఇంకోటి, డాలర్. 2008 జులైలో క్రూడ్ 147 డాలర్లకి ఎగబాకింది, అప్పుడు డాలర్ 43 రూపాయలు, అంటే లీటరు క్రూడ్ 40 లోపే పడింది. పైన వేసిన లెక్కలో డాలర్ 85 కాబట్టి 80 డాలర్ల క్రూడే 43 అయ్యింది, చూసుకోండి.

మీ తాతయ్య