నగర వీధుల్లో నడిచే స్త్రీ: ఆధునికతావాద నవలల మీద అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థులకు ఇరవయ్యో శతాబ్దపు నవలను చాలా ఏళ్ళుగా బోధిస్తున్నాను. పాత్రల మనసులోంచి కథ చెప్పే ఆధునికతావాద నవలల పాఠం దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ అవే అభిప్రాయాలు వినిపిస్తాయి. వాటిలో కొన్ని పరీక్షల గైడ్ల నుంచి వచ్చినవైతే, కొన్ని మనం ఇంటి నుంచే తెచ్చుకున్నవి. ఈ నవలల్లో స్త్రీ నడుస్తూ కనిపించినప్పుడు ఆమె ఎక్కడికి వెళుతోందో తర్వాత చూడవచ్చు, ఏ వేళప్పుడు, చేతిలో ఎంత డబ్బుతో, ఎవరి చూపుల మధ్య వెళుతోందో ముందు చూడమని మా పిల్లలకు చెబుతాను.

అపోహ: క్లారిస్సా డాలోవే పూలు కొనడానికి వెళ్ళింది, సాయంత్రం విందు ఇచ్చింది; ఆ నవలలో అంతకు మించి ఏమీ జరగదు.

వాస్తవం: వర్జీనియా వుల్ఫ్ 1925లో ప్రచురించిన ‘మిసెస్ డాలోవే’ కథ 1923 జూన్ నెలలో ఒక్క రోజున నడుస్తుంది. యాభై దాటిన క్లారిస్సా వెస్ట్‌మినిస్టర్‌లోని ఇంటి నుంచి బయలుదేరి, సెయింట్ జేమ్స్ పార్కు దాటి, పికడిల్లీ మీదుగా బాండ్ స్ట్రీట్ చేరుకుంటుంది. ఆ దారిలో బిగ్ బెన్ గంట, ముగిసిన యుద్ధం, పల్లెటూరి ఇంట్లో గడిపిన యవ్వనం ఒకదానిలోంచి ఒకటి వస్తాయి. తాను క్లారిస్సా కూడా కాకుండా పోయి రిచర్డ్ డాలోవే భార్యగా మాత్రమే మిగిలానన్న ఊహ ఆమెకు ఇంట్లో కూర్చున్నప్పుడు రాదు, బాండ్ స్ట్రీట్‌లో నడుస్తున్నప్పుడు వస్తుంది. ఇంట్లో ఆమెను ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు గనుక, ఆ ఆలోచనకు కావలసిన ఏకాంతం ఆమెకు జనం మధ్యనే దొరికిందని నా నమ్మకం.

ఒకప్పుడు క్లారిస్సాను ప్రేమించి, ఇప్పుడు ఇండియా నుంచి తిరిగివచ్చిన పీటర్ వాల్ష్, అదే రోజు ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర కనిపించిన ముక్కూమొహం తెలియని యువతి వెంట పడతాడు. జేబులోని చాకును వేళ్ళతో తడుముకుంటూ, తానొక సాహసవీరుడినని ఊహించుకుంటూ ఆమె వెనకాలే వీధులు దాటతాడు; ఆమె తన ఇంటి తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోవడంతో అతని ఆట ముగుస్తుంది. వుల్ఫ్ ఈ దృశ్యాన్ని అతని మనసులోంచే రాసింది, ఆమె మనసులోకి వెళ్ళలేదు. మా తరగతిలో అబ్బాయిలు ఈ పుట దగ్గర నవ్విన సందర్భాలు ఉన్నాయి, అమ్మాయిలు నవ్వగా నేను చూడలేదు. వెనక అడుగుల చప్పుడు వింటూ నడిచిన వాళ్ళకు, ఆ యువతి ఇంటికి చేరే వరకూ ఏమనుకుని ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. క్లారిస్సా కూతురు ఎలిజబెత్ మాత్రం ఒంటరిగా బస్సెక్కి, డాలోవేల ఇంటివాళ్ళు రోజూ రాని స్ట్రాండ్ వైపు వెళ్ళి, డాక్టరో రైతో కావచ్చునని ఆలోచిస్తుంది. ఒకే రోజున, ఒకే నగరంలో సాగిన ఈ మూడు నడకలను పక్కపక్కన పెట్టి చదవాలి.

అపోహ: నగరంలో తీరికగా తిరుగుతూ జనాన్ని గమనించే ‘ఫ్లానూర్’ మగవాడు, ఆ కాలంలో స్త్రీలు వీధుల్లో నడవనే లేదు.

వాస్తవం: ఫ్రెంచి కవి బోద్లేర్ 1863లో ప్రచురించిన వ్యాసంలో ఆ పరిశీలకుడు పురుషుడేననడం నిజం. ఆ కాలపు రచనల్లో అతనికి సాటిరాగల స్త్రీ కనబడదని సామాజిక శాస్త్రవేత్త జానెట్ వోల్ఫ్ 1985లో వాదించింది, ఆ వాదనకు తర్వాత గట్టి జవాబులూ వచ్చాయి. పనిమనుషులు, కుట్టుపనివాళ్ళు, అంగళ్ళలో పనిచేసేవాళ్ళు రోజూ నడిచారు. వాళ్ళకు లేనిది నడక కాదు, ఊరికే నడిచే హక్కు. ఇంగ్లాండులో 1864 నుంచి 1886 వరకు అమలైన అంటువ్యాధుల చట్టాల కింద, సైనిక స్థావరాలూ ఓడరేవులూ ఉన్న కొన్ని పట్టణాల్లో, వేశ్య అన్న అనుమానం మీదనే పోలీసులు స్త్రీని పట్టుకుని వైద్య పరీక్షకు పంపగలిగేవారు. ఇంగ్లీషులో ‘స్ట్రీట్‌వాకర్’ అన్న మాటకు స్థిరపడిన అర్థం మనకు తెలుసు. తెలుగులోనూ షికారుకు వెళ్ళాడంటే మర్యాదగానే ఉంటుంది, ఆడమనిషి ఊరికే తిరిగితే నోటికి వచ్చే మాట ‘తిరుగుబోతు’.

అపోహ: గడప దాటితే స్వేచ్ఛే.

వాస్తవం: జీన్ రీస్ 1939లో రాసిన ‘గుడ్ మార్నింగ్, మిడ్‌నైట్’ చదివితే ఈ మాట గొంతులోనే ఆగిపోతుంది. పారిస్‌కు తిరిగివచ్చిన సాషా, ఎప్పుడో ఏడ్చిన కాఫీ హోటళ్ళు, గుర్తుపట్టగల మనుషులు ఎదురుపడకుండా, ఏ వీధిన వెళ్ళాలో ఎక్కడ భోంచేయాలో ముందే లెక్క వేసుకుంటుంది. తనను ముసలిదని అన్న మాట హోటల్లో ఆమె చెవిన పడుతుంది. ఒంటిమీది ఫర్ కోటును చూసి ఆమె డబ్బున్న మనిషని భ్రమపడినవాడు వెంట తిరుగుతాడు. వర్జీనియా వుల్ఫ్ పాత్రలకు తిరిగి వెళ్ళడానికి ఇల్లుంది, సాషాకు ఉన్నది అద్దె గది మాత్రమే. నా దృష్టిలో ఈ విషయం మీద ఇంతకంటే నిజాయితీ గల నవల లేదు.

అపోహ: పాత్ర మనసులోని ఆలోచనల వెంటే సాగే ఈ రకం రచన జేమ్స్ జాయిస్, వర్జీనియా వుల్ఫ్‌లతో మొదలైంది.

వాస్తవం: డొరతీ రిచర్డ్‌సన్ ‘పిల్‌గ్రిమేజ్’ మొదటి భాగం 1915లోనే వచ్చింది. చైతన్య స్రవంతి అన్న మాటను రచయిత్రి మే సింక్లెయిర్ 1918లో రిచర్డ్‌సన్ రచనల గురించే వాడింది. కథానాయిక మిరియం దంతవైద్యుల దగ్గర వారానికి ఒక పౌను జీతానికి పనిచేస్తూ, లండన్ వీధులను తన సొంతం చేసుకుంటుంది. పదమూడు భాగాలు చదవాలన్న భయంతో మన సిలబస్‌లు రిచర్డ్‌సన్‌ను వదిలేయడం అన్యాయం.

అపోహ: ఇదంతా లండన్ దొరసానుల గోడు, మనకెందుకు?

వాస్తవం: లండన్‌ను అనంతపురంతో సమానం చేయమని నేను ఎప్పుడూ చెప్పను. అయితే వుల్ఫ్ 1927లో రాసిన ‘స్ట్రీట్ హాంటింగ్’ వ్యాసంలో, చలికాలపు సాయంత్రం సగం లండన్ తిరగాలనిపించినప్పుడు, పెన్సిలు కొనాలన్న వంకతో ఇంటి నుంచి బయటపడే సందర్భం ఉంది. ఆ వంక ఎందుకు కావలసి వచ్చిందో మా విద్యార్థినులకు వివరించే అవసరం నాకు రాలేదు. జెరాక్స్ అనీ, రీచార్జ్ అనీ, స్నేహితురాలి నోట్సనీ వాళ్ళ దగ్గర పెద్ద జాబితానే ఉంది. నిరుడు ఏ వంకా లేకుండా ఒక అరగంట నడిచి, చూసినది రాసి తెమ్మన్నాను. ఒక అమ్మాయి సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా నడిచింది. అంగళ్ళ వెలుతురు గురించి, పూలమ్మే ఆమెతో మాట్లాడిన నాలుగు మాటల గురించి ఒక పుట రాసి, ఇంటికి వెళ్ళాక జరిగినది చివరి రెండు వాక్యాల్లో రాసింది. “యాడికి పోయినావు, ఏం తెచ్చినావు?” అని వాళ్ళమ్మ అడిగిందట, తన చేతిలో చూపించడానికి ఏమీ లేదట.