తీరంలో తుపాను, మన ఊళ్లో మత్తడి

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మరునాడు దానికి ఎంతో దూరాన ఉన్న వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి, డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు కనబడకుండా పోయాయి. కోతకొచ్చిన వరి, కల్లాల్లో ఆరబోసిన వడ్లు, చేలల్లో విచ్చిన పత్తి తడిసి ముద్దయ్యాయి.

తుపానుకు బలం వెచ్చని సముద్రం మీది నీటి ఆవిరి. ఆ ఆవిరి పైకెక్కి చినుకులుగా మారేటప్పుడు వెలువడే వేడే సుడిని తిప్పుతుంది. నేల మీదికి రాగానే ఆ ఆవిరి తగ్గి, రాపిడి పెరిగి, గాలి గంటల్లోనే నెమ్మదిస్తుంది. 'బలహీనపడి వాయుగుండంగా మారింది' అని వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం, కానీ ఈ పేర్లు పెట్టేది గాలి వేగాన్ని బట్టే: గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, అంతకు తక్కువైతే వాయుగుండం. వాన ఎంత కురుస్తుందో ఆ పేరు చెప్పదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడినప్పుడు అసలు తుపానే లేదు.

పది సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం మీద నాలుగు లక్షల లీటర్ల నీళ్లు చేరినట్టు. అక్టోబర్ నాటికి నేల తడిసి, చెరువులు నిండి ఉంటాయి కాబట్టి ఆ నీళ్లకు చోటు దొరకదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మత్తడి (మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. ఇది గొప్ప ఏర్పాటు, కానీ పైన కట్ట తెగితే ఆ వరదంతా వరుసగా కింది కట్టల మీద పడుతుంది. నగరంలోనైతే మత్తడి నీళ్లు పోయే నాలాలనే ఇళ్లు ఇరుకు చేశాయి.

అందుకే మన దగ్గర అత్యవసర సహాయం పడవలు, హెలికాప్టర్లు వచ్చాక మొదలైతే ఆలస్యమైనట్టే. గాలి హెచ్చరికతో పాటు ఏ చెరువు ఎంత నిండింది, ఏ వాగు మీద రాకపోకలు ఆపాలి అన్న సమాచారం ముందురోజే ఊరికి చేరాలి. రెండడుగుల లోతున పారే నీళ్లు కారునైనా తేల్చుకుపోగలవు. కాజ్‌వేకు అడ్డంగా కట్టే తాడుకు అంత విలువ ఉంది.

చెరువును కనిపెట్టుకొని ఉండే నీరటికాడు కట్ట మీద చూసేది కూడా విజ్ఞానమే. కట్ట కింది వైపు ఊట తేటగా వస్తుంటే కనిపెట్టుకొని ఉంటాడు, బురదగా మారిందంటే నీళ్లతో పాటు కట్టలోని మట్టి కూడా కొట్టుకొస్తున్నట్టు, బుంగ పడుతున్నట్టు. అప్పుడు ఇసుక బస్తాలు మోయించడానికీ, కింది వాడను ఖాళీ చేయించడానికీ ఉండేది కొద్ది గంటలే.