చెవి అందితే చాలిన రోజులు పోయాక

జూన్ దగ్గరపడుతుంటే అమలాపురం, భీమవరం వైపు ఇళ్లలో పాత పేచీ మళ్లీ మొదలైంది. పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో వేయాలా, యూకేజీలోనే ఇంకో ఏడు ఉంచాలా? ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న 2020 జాతీయ విద్యావిధానం, అది పాటించమంటూ 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాసిన లేఖ అందరికీ తెలిసినవే. ఆ లేఖ తర్వాత కూడా, 2023-24లో ప్రైవేటు బడుల ఒకటో తరగతి ఉచిత సీట్లకు మన రాష్ట్రం ఐదేళ్ల పిల్లలనే పిలిచింది. గందరగోళానికి అదొక కారణం. అసలు కారణం మాత్రం ఇంకా వెనక ఉంది.

కుడిచేయి తల మీదుగా తిప్పితే ఎడమ చెవి అందాలి. ఒకప్పుడు పల్లెబడిలో వయసు పరీక్ష అంతే. అందితే మాస్టారు ఒక తేదీ వేసేవారు. పాత పదో తరగతి సర్టిఫికెట్లలో జూన్ ఒకటి, జూలై ఒకటి పుట్టినరోజులు అంత విరివిగా కనిపించడం ఆ కలం చలవే. తొందరపడే తండ్రి ఒక ఏడు ఎక్కువ వేయించేవాడు. సర్కారు కొలువు మీద ఆశ ఉన్నవాడు తక్కువ వేయించేవాడు, రిటైర్మెంటు అంత వెనక్కి జరుగుతుందని. పిల్లవాడి ఈడు ఇంటివాళ్లూ మాస్టారూ కూర్చుని తేల్చుకునే సంగతి.

2010లో అమలైన విద్యాహక్కు చట్టం జనన ధ్రువపత్రాన్ని ముందుకు తెచ్చింది, అది లేదని చేర్చుకోకుండా ఉండకూడదని కూడా చెప్పింది. 2023 అక్టోబరు 1న జనన మరణాల నమోదు చట్టానికి సవరణ అమల్లోకి వచ్చాక తేదీ మాటమీద వేయించుకునే ఆ సందూ మూసుకుంది. ఆనాటి నుంచి పుట్టినవారికి బడిలో ఆ పత్రమే ఆధారం. తేదీ కదలదు కాబట్టి ఇక కదపగలిగింది పిల్లవాణ్ణే.

ఆగితే రేపు డిగ్రీ బాగా పూర్తిచేస్తాడని కొన్ని బడులు చెబుతున్నాయి. ఆ మాట అమెరికాది. అక్కడ ఆలస్యంగా చేర్చడం పెరిగింది, ఆరేళ్లవాళ్లలో ఒకటో తరగతిలోనో ఆపైనో ఉన్నవారు 1968లో 96 శాతం, 2005లో 84 శాతం. ఫ్లోరిడాలో బడి ఈడుకు గడువు సెప్టెంబరు 1. అది దాటి సెప్టెంబరులో పుట్టి ఏడాది ఆలస్యంగా చేరినవారు, ఆగస్టు పిల్లల కంటే మార్కుల్లో ముందున్నారు, కాలేజీకి వెళ్లడంలోనూ కొద్దిగా మెరుగు. కాలిఫోర్నియా, టెక్సస్ లెక్కలు తిరగబడ్డాయి. చిన్న వయసులో చేరినవారే కాస్త ఎక్కువ చదివారు. అక్కడ బడికి వెళ్లక తప్పదన్న నిబంధన ఫలానా తరగతి దాకా కాదు, ఫలానా వయసు దాకా. ఆలస్యంగా చేరినవాడు ఆ వయసు రాగానే కింది తరగతిలోనే మానేయవచ్చు. నార్వేలో ఎంతవరకు చదివారన్న దానిలో చెప్పుకోదగ్గ తేడాయే లేదు.

తొందరపడినా చిక్కే. డాక్టరు చదువు ప్రవేశ పరీక్ష నీట్‌కు, చేరే ఏడు డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. జనవరిలో పుట్టిన పిల్లను నాలుగేళ్ల ఐదు నెలలకే ఒకటో తరగతిలో వేస్తే ఇంటర్ అయ్యాక ఏడాది ఖాళీ. ఈ లెక్క తల్లులకూ తెలుసు. వాళ్ల ప్రశ్న వేరు. రొయ్యల చెరువులున్న ఇంట్లో యూకేజీ ఫీజు రెండోసారి కట్టడం పెద్ద మాట కాదు, కౌలు చేసుకునే ఇంట్లో ఆ సొమ్ము ఎక్కడిది?