బడి గేటు నుంచి 50 మీటర్లు

బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ పిల్లలకు జంక్ ఫుడ్ అమ్మకూడదు, దాని ప్రకటనలు కూడా పెట్టకూడదు. ఇది అమల్లో ఉన్న రూలే. అయినా చాలా బడుల ఎదురుగా కిరాణా కొట్టు చూడండి, గుమ్మానికి తోరణం కట్టినట్టు ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి.

ఈ రూల్ కోసం ఉదయ్ ఫౌండేషన్ అనే సంస్థ 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేసింది. తీర్పు వచ్చింది 2015 మార్చిలో. ఆ తర్వాత కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు గెజిట్‌కి ఎక్కేసరికి 2020 సెప్టెంబర్, అమల్లోకి వచ్చేసరికి 2021 జులై అయింది. పిల్ వేసిన ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు అప్పటికి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేశారు!

ఇంత నిదానానికి ఒక కారణం ఉంది. మన ప్రభుత్వాల దిగులంతా పిల్లలకు తిండి చాలకపోవడం గురించే, అది తప్పూ కాదు. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ల వాళ్లలో బక్కచిక్కిన వాళ్లు 24 శాతం, అధిక బరువు ఉన్నవాళ్లు 5 శాతం. దాంతో లావు సమస్యని డబ్బున్నోళ్ల ఇళ్ల గోల అనుకుని వదిలేశారు. కానీ ఐదు రూపాయల ప్యాకెట్ కొనడానికి ఉన్నోళ్లే అయ్యుండాలా?

ఈలోపు కేరళ 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్ల పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం 'ఫ్యాట్ ట్యాక్స్' వేసింది. ఏడాది తిరిగేసరికి జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది.

అసలు పేచీ ప్యాకెట్ మీద. వెనక వైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉండే ఉప్పు, చక్కెర లెక్కలు ముందుకి తెచ్చి పెద్దగా వేయమంటే, 2018లో డ్రాఫ్ట్ వచ్చి ఆగిపోయింది. 2022లో స్టార్ రేటింగ్ అన్నారు. చక్కెర ఎక్కువున్నా కాస్త పీచో, గింజలో కలిపితే స్టార్ పెరిగే లెక్క అది. చిలీ 2016 నుంచే నల్లటి ముద్ర కొట్టి 'చక్కెర ఎక్కువ' అని నేరుగా చెప్తోంది, నాకైతే అదే నయం అనిపిస్తుంది. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ముందు వైపు లేబుల్ సంగతి తేల్చమని మూడు నెలలు గడువిచ్చింది, జులైలో మరో మూడు నెలలు పొడిగించింది.

అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగింది.