అందరిదీ నల్లకోటే, పనులు వేరు

పిల్లలూ,

"లాయర్లందరిదీ అదే నల్లకోటు కదా, మరి మన స్థలం కాగితాలకు ఒకాయన, బాబాయ్ యాక్సిడెంట్ కేసుకు ఇంకొకావిడ ఎందుకు?" అని మీరు అడిగారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మంచి ప్రశ్న అడిగారు.

చదువు అందరిదీ ఒకటే. ఎల్‌ఎల్‌బీ చదివి, లాయర్ల సంఘమైన బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఈయన భూముల లాయరు, ఆమె క్రిమినల్ లాయరు అని అక్కడ ఎవరూ ముద్ర వేయరు. ఏ సీనియర్ దగ్గర చేరారు, ఏ కేసుల్లో నలిగారు అన్నదాన్నిబట్టి ఆ పేరు వస్తుంది.

మా ఊళ్ళో కమ్మరి కొలిమి ఉండేది. బడి వదలగానే తిత్తి లాగడానికి అక్కడికే పరుగెత్తేవాళ్ళం. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ళలో ముంచితే చుయ్‌మనే చప్పుడు కోసం సాయంత్రమంతా కూర్చునేవాణ్ణి. అదే ఇనుము నాగలికి కర్రు అయ్యేది, కొడవలయ్యేది, గొడ్డలయ్యేది. కొడవలికి ఉలితో పళ్ళు కొట్టేవాడు, గొడ్డలికి బరువు ఉంచేవాడు. కట్టెలు కొట్టాలని వచ్చినవాడికి కొడవలి ఇచ్చి డబ్బు తీసుకునేవాడు కాదు. లాయర్లూ అంతే. "ఇది నా పని కాదు, ఫలానా ఆయన దగ్గరికి వెళ్ళండి" అనగలిగినవాళ్ళే నా దృష్టిలో మంచి లాయర్లు.

మన స్థలం చూస్తున్న లాయరు గారు ఏం చేస్తున్నారో తెలుసా? లింక్ డాక్యుమెంట్లు, అంటే స్థలం చేతులు మారినప్పటి పాత దస్తావేజులన్నీ వరసగా పేర్చుకుని, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చదువుతారు. నాలుగు హద్దులు ఒక కాగితానికి ఇంకో కాగితానికి సరిపోయాయా అని చూస్తారు. అమ్మినాయనది ఉమ్మడి ఆస్తి అయితే, అక్కచెల్లెళ్ళు సంతకాలు పెట్టారా అని అడుగుతారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. దేశమంతటా ఆడపిల్లలకు ఆ హక్కు 2005లో వచ్చింది. ఆ తేదీలు తెలియని లాయరు ఒక్క సంతకం వదిలేస్తే, మీరు పెద్దయ్యాక ఎవరో వచ్చి తలుపు కొడతారు.

బాబాయ్ కేసు చూసే ఆవిడ లెక్క వేరు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో, నష్టపరిహారం తేల్చే కోర్టులాంటి ట్రిబ్యునల్లో పిటిషన్ వేయాలని చట్టం గడువు పెట్టింది. దెబ్బవల్ల ఏడాదికి ఎంత సంపాదన పోతుందో తేల్చి, దాన్ని వయసునుబట్టి ఒక అంకెతో గుణిస్తారు. ఇరవయ్యారు నుంచి ముప్పై ఏళ్ళవాళ్ళకు ఆ అంకె 17. అందుకే ఆవిడ జీతం కాగితాలు, డాక్టరిచ్చిన సర్టిఫికెట్టు కోసం అంతగా వెంటపడుతున్నారు. విసుక్కోకండి.

క్రిమినల్ లాయరుకు అర్ధరాత్రి కూడా ఫోను మోగుతుంది. ఎవరినైనా అరెస్టు చేస్తే, ప్రయాణానికి పట్టే సమయం పోను, ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ వాళ్ళ పక్షాన మాట్లాడేవాళ్ళు ఒకరు ఉండాలి. "తప్పు చేసినవాడికి కూడానా?" అంటారు మీరు. తప్పు చేశాడో లేదో తేలకముందే మనం తేల్చేయకూడదు కదా! అయితే లాయరు ఎవరి పక్షాన నిలబడ్డా కోర్టుకు అబద్ధం చెప్పకూడదు, నమ్మి చెప్పిన రహస్యం బయటపెట్టకూడదు. ఈ రెండూ నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకా విడాకుల కేసులవాళ్ళు, పన్నులవాళ్ళు, కంపెనీలవాళ్ళు ఉన్నారు. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా రక్షణ వచ్చింది చూశారా, అలాంటి హక్కుల పని చూసేవాళ్ళూ ఉన్నారు. ఫీజు ఇచ్చుకోలేని పేదలకు, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళకు, పిల్లలకు ఉచితంగా లాయరును పెట్టించే న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో ఉంది. ఆ సాయం కోసం ఫోన్ చేయాల్సిన 15100 నంబరు గుర్తుపెట్టుకోండి, మీ స్నేహితులకూ చెప్పండి.

ముందు నాన్నతో బీరువా తెరిపించి, మన స్థలం ఈసీ, అంటే దాని మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం తీయించండి. అమ్మినవాళ్ళ పేర్లు ఒకవైపు, కొన్నవాళ్ళ పేర్లు ఒకవైపు నోటుబుక్కులో రాసుకోండి. ఒక పేరు నుంచి ఇంకో పేరుకు ఎలా వచ్చిందో తేలని చోట పెన్సిలుతో సున్నా చుట్టి, ఈసారి లాయరు గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్ళండి.

మీ తాతయ్య