ఉద్యోగం చేస్తూ లా: ఆ దారి ఎలా ఇరుకైంది

లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ నోటిఫికేషన్ పడగానే బెజవాడ, గుంటూరుల్లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కానిస్టేబుళ్లు ముందుగా అడిగేది ర్యాంకు గురించి కాదు. "క్లాసులకు రోజూ రావాలా?" అని. రూలు ప్రకారం రావాల్సిందే. అయితే ఆ రూలు ఎప్పుడూ ఇంత గట్టిగా లేదు.

బ్రిటిష్ కాలంలో కోర్టుకు చాలా దారులుండేవి. గుంటూరుకు చెందిన కొండా వెంకటప్పయ్య మద్రాసులో బీఎల్ (లా డిగ్రీ) చదివారు. టంగుటూరి ప్రకాశం మొదట సెకండ్ గ్రేడ్ ప్లీడరు (కింది కోర్టుల వకీలు) పరీక్ష ప్యాసై రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు, బారిస్టరు చదువు తర్వాతి సంగతి. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ఈ తేడాలన్నీ తీసేసి, లా చదువు ప్రమాణాలను న్యాయవాదుల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేతిలో పెట్టింది. అప్పటిదాకా రెండేళ్లు చాలిన కోర్సు 1967 తర్వాత మూడేళ్లయింది. అప్పుడు కూడా చాలా ఊళ్లలో సాయంత్రం కాలేజీలు నడిచేవి. పగలు ఆఫీసు, పొద్దుపోయాక లా. 1982లో కౌన్సిల్ ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు తేవాలని నిర్ణయించింది. 1988లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ మొదటి బ్యాచ్‌తో అది నిలదొక్కుకుంది. మూడేళ్లది మాత్రం పోలేదు. పోయి ఉంటే మన ఉద్యోగుల కథ అక్కడే ముగిసేది.

అసలు బిగింపు 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌తో మొదలైంది. తప్పనిసరి పేపర్లు 20, డ్రాఫ్టింగ్, మూట్ కోర్టు (కోర్టు వాదనల రిహార్సల్) వంటి ప్రాక్టికల్ పేపర్లు 4, ఆప్షనల్స్ 6. వారానికి కనీసం 30 గంటల తరగతులు, 70 శాతం హాజరు. మూడేళ్ల కోర్సుకైతే 12 వారాల ఇంటర్న్‌షిప్, అదీ ఏకబిగిన నాలుగు వారాలకు మించకుండా. పదింటికి ఆఫీసులో సంతకం పెట్టే మనిషికి వారానికి 30 గంటలు ఎక్కడివి? అందుకే "అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం" అని కాలేజీలు భరోసా ఇచ్చే మాట పుట్టింది. అది వినడానికి హాయిగానే ఉంటుంది గానీ, రిస్కు మాత్రం విద్యార్థిదే.

ఇంకో దెబ్బ ఓపెన్ డిగ్రీల వారికి తగిలింది. ఇంటర్ లేకుండా ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేసినవారు లా చేరడానికి అర్హులు కారని ఆ రూల్స్ తేల్చేశాయి. చిన్నప్పుడు బడి మానేసి, పెద్దయ్యాక పట్టుదలగా చదువుకున్న మనిషిని గుమ్మంలోనే ఆపడం నాకైతే న్యాయంగా కనిపించదు. మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్ల వయసు పరిమితిని 2016లో మళ్లీ తెచ్చారు, 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నడివయసు ఉద్యోగులు ఇప్పటికీ చేరగలుగుతున్నది అందుకే.

పట్టా వచ్చినా జీతం తీసుకునే ఫుల్‌టైమ్ ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదు. రాజీనామా చేయాలి, లేదా రిటైరవ్వాలి. ఆ తర్వాత రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అడ్వకేటుగా ఎన్‌రోల్‌మెంట్, దాని వెంట ప్రాక్టీసుకు అర్హత తేల్చే ఆలిండియా బార్ పరీక్ష, అది 2011లో మొదలైంది. ఆ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రిటైరయ్యాక నల్లకోటు వేసుకుందామనుకునేవారికి ఒక్క ఊరట ఉంది. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తున్న ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.