"మీ పిల్లకైతే వేయిస్తారేటి?" పిల్లల టీకాలు: కరోనా రోజుల అపోహలు - వాస్తవాలు

2022 జనవరి 3న 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు కోవాక్సిన్ వెయ్యడం మొదలైంది. ఆ వారం కంచరపాలెంలో మా టేబులు ముందు లైను గేటు దాటి రోడ్డెక్కింది. ఒకాయన కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పిల్ల భుజం మీద వేసిన చెయ్యి తియ్యకుండా అడిగారు: "సిస్టరమ్మా, మీ పిల్లకైతే వేయిస్తారేటి?"

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. మొదటి రోజే వేయించాను, అదే చెప్పాను. ఆయన చెయ్యి తీశారు, నేను సూది వేశాను. ఇంటికెళ్లాక మాత్రం మనసు కుదుటపడలేదు. ఆయన అడగాలనుకున్నవి ఇంకా చాలా ఉన్నాయని ముఖం చూస్తేనే తెలిసింది. వెనక అంతమంది నిలబడి ఉంటే జవాబు చెప్పే తీరిక నాకు లేకపోయింది. విశాఖలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు టీకాలు వేస్తున్న నర్సును. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

అపోహ: పిల్లలకు కరోనా ఏమీ చెయ్యదు. టీకా దండగ.

ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ఒప్పుకోకుండా మాట్లాడితే తల్లిదండ్రులు మన మాట వినరు, వినక్కర్లేదు కూడా. కరోనా సోకిన పిల్లల్లో చాలామందికి రెండు మూడు రోజుల జ్వరం, దగ్గుతో సరిపోయింది. డెబ్భై ఏళ్ల తాతగారికి టీకా చేసిన మేలూ, పదిహేనేళ్ల మనవడికి చేసిన మేలూ ఒకటి కాదు.

మిగతా సగం మాటేమిటంటే, కొద్దిమంది పిల్లలకు జబ్బు తగ్గిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత అసలు ప్రమాదం వచ్చింది. విడవని జ్వరం, ఎర్రబడిన కళ్లు, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, ఆఖరికి గుండె మీద దెబ్బ. డాక్టర్లు దాన్ని ఎంఐఎస్‌సీ అన్నారు. కరోనా వచ్చినట్టే తెలియని పిల్లలకు కూడా అది వచ్చింది. ఇక గుండెజబ్బుతో పుట్టినవాళ్లు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, మన ఏజెన్సీ ఊళ్లలో కనిపించే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) పిల్లలు - వీళ్ల విషయంలో నాకు ఎప్పుడూ సందేహం లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి టీకా వల్ల వచ్చే లాభం చిన్నదే. టీకా వల్ల వచ్చే ముప్పు అంతకన్నా చిన్నది. మా అమ్మాయికి వేయించింది ఆ లెక్క చూసుకునే.

చాలా ఇళ్లలో జరిగిన పొరపాటు ఒకటుంది. తక్కెడలో ఒక పళ్లెంలో టీకాని పెట్టి, రెండోది ఖాళీగా వదిలేసి తూచారు. అలా తూస్తే ఏ మందైనా బరువుగానే కనిపిస్తుంది. ఆ రెండో పళ్లెంలో జబ్బుని పెట్టాలి.

అపోహ: హడావుడిగా చేశారు, మన పిల్లల మీద ప్రయోగం చేస్తున్నారు.

ఈ భయాన్ని నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. కోవాక్సిన్‌ని 2 నుంచి 18 ఏళ్ల లోపు 525 మంది పిల్లల మీద పరీక్షించారు. మామూలుగా వచ్చే ఇబ్బందులు ఏమిటో తెలియడానికి ఆ సంఖ్య చాలు. లక్షమందిలో ఒకరికి వచ్చేది మాత్రం అందులో కనపడదు. అందుకే టీకా వేశాక అరగంట కూర్చోమంటాం, ఏం జరిగినా చెప్పమంటాం, ప్రతి ఫిర్యాదూ రాసి పైకి పంపుతాం.

అయితే టీకా కొత్తదే గానీ తయారుచేసే పద్ధతి కొత్తది కాదు. కోవాక్సిన్‌లో ఉన్నది చంపేసిన వైరస్. మన పిల్లలకు వేసే పోలియో ఇంజెక్షను కూడా అలాంటిదే. 2022 మార్చి 16 నుంచి 12 ఏళ్లు నిండిన పిల్లలకు వేసిన కోర్బెవాక్స్‌లో వైరస్ లేనే లేదు, దాని ప్రొటీన్ ముక్క ఒకటే ఉంటుంది. దాన్ని ఈస్టు కణాల్లో పెంచి తీస్తారు. పుట్టిన రోజే బిడ్డకు వేసే హెపటైటిస్ బి టీకా కూడా ఈ దారిలో తయారైందే. రెండు కరోనా టీకాలూ మన హైదరాబాదులో తయారయ్యాయి. 12 ఏళ్ల లోపు పిల్లలకు 2022 ఏప్రిల్‌లో అనుమతి వచ్చినా, ప్రభుత్వ కార్యక్రమంలో వాళ్లకు వెయ్యలేదు. అందరికీ కళ్లు మూసుకుని పొడిచేశారన్న మాట సరికాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

అపోహ: టీకాతో కుర్రాళ్ల గుండె పాడవుతుంది.

ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. ఫైజర్, మోడర్నా వంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు వేసిన దేశాల్లో, ముఖ్యంగా రెండో డోసు తర్వాత, యువకుల్లో గుండె కండరం వాపు అరుదుగా కనిపించింది. వాళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. మన పిల్లలకు వేసిన రెండూ ఆ రకం కావు. పైగా కరోనా జబ్బే గుండె కండరానికి వాపు తెప్పించగలదు.

అపోహ: సూది వెయ్యగానే పిల్లలు పడిపోయారు, టీకాలో ఏదో ఉంది.

ఒక జూనియర్ కాలేజీలో నా కళ్ల ముందే ఒక అమ్మాయి పడిపోయింది. అప్పటికి సిరంజి ఇంకా నా చేతిలోనే ఉంది, ఆ పిల్లని తాకలేదు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చింది, గంటన్నర లైనులో నిలబడింది, ముందున్నవాళ్ల ముఖాలు చూసి భయపడింది. పడుకోబెట్టి కాళ్లు కాస్త పైకి పెడితే రెండు నిమిషాల్లో లేచింది. ఈలోగా లైనులో ఇంకో ఇద్దరు కూలబడ్డారు. సాయంత్రానికి ఆ వార్త "టీకాతో ముగ్గురికి సీరియస్" అయి నా ఫోనుకే వచ్చింది. ఈ వయసు పిల్లలకు భయంతో కళ్లు తిరగడం మామూలే. టిఫిను పెట్టి పంపండి. పక్కన మీరుంటే ఇంకా మంచిది.

జ్వరం వస్తుందేమోనని ముందే మాత్ర వేసి తీసుకురావద్దు. ఆ రోజుల్లో కొన్నిచోట్ల పిల్లల చేతిలో మూడేసి పారాసిటమాల్ మాత్రలు పెట్టి పంపుతుంటే, కోవాక్సిన్‌కి అవి అవసరం లేదని తయారుచేసినవాళ్లే చెప్పారు. జ్వరం వస్తే, బరువుకి తగ్గ మోతాదు అడిగి వెయ్యండి.

అపోహ: తేదీ దాటిన సీసాలు పిల్లలకు తోసేశారు.

సీసా మీద తేదీ మార్చడం నిజం. కోవాక్సిన్ గడువును 9 నెలల నుంచి 12 నెలలకు పెంచుతూ 2021 అక్టోబరులోనే అనుమతి వచ్చింది. ఆ సంగతి జనానికి ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా లేబుల్ మారిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఆ అనుమానం తప్పు అనను.

అపోహ: రేపు పిల్లలు పుట్టరు.

పోలియో చుక్కలప్పుడు కూడా ఇదే ప్రచారం జరిగింది. ఆ చుక్కలు వేయించుకున్న ఆడపిల్లలే ఇప్పుడు తమ బిడ్డల్ని ఎత్తుకుని నా దగ్గరికి వస్తున్నారు.

అపోహ: కరోనా పోయేదాకా మామూలు టీకాలు ఆపుకోవచ్చు, కొంపేం మునగదు.

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇదే. కొత్త టీకా గురించి ఇంటింటా వాదించుకున్నాం, పాత టీకాలు జారిపోతుంటే ఎవరూ చూడలేదు. మన దేశంలో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే టీకా) మొదటి డోసు కూడా అందని పిల్లలు 2019లో 14 లక్షలుంటే, 2020లో 30 లక్షలు దాటారు. 2022 చివర్లో ముంబైలో తట్టు విజృంభించి పిల్లలు చనిపోయారు.

కరోనా కన్నా తట్టు ఎక్కువ అంటుకుంటుంది. టీకా లేనిచోట ఒక బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది. ఆ బిడ్డ గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. అంతకుముందు వచ్చి తగ్గిన జబ్బుల మీద ఒంట్లో మిగిలిన జ్ఞాపకాన్ని కూడా అది చెరిపేస్తుంది. అందుకే తట్టు తగ్గిన పిల్లలు నెలల తరబడి ఏదో ఒక జబ్బుతో ఆసుపత్రికి తిరుగుతుంటారు.

సముద్రం దగ్గర ఒక పేటలో, ఒక బాబుకి 2020లో తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తప్పింది. "ఆసుపత్రికెళ్తే కరోనా అంటీసుకుంటాదని మా అత్త వద్దంది" అని వాళ్లమ్మ తర్వాత చెప్పింది. ఆ బాబు పేరు నా డ్యూ లిస్టులో, అంటే టీకా వెయ్యాల్సిన పిల్లల జాబితాలో, ఉంది. నేను ఒకసారి ఫోను చేశాను, ఎవరూ తియ్యలేదు. రెండోసారి చెయ్యలేదు. బాబుకి రెండున్నరేళ్లప్పుడు ఒంటి నిండా తట్టు పోసింది. అమ్మవారని పక్కన వేపాకులు పెట్టి, గుమ్మానికి మండలు కట్టారు. ఐదో రోజుకి ఊపిరి అందక డొక్కలు ఎగరేస్తుంటే కేజీహెచ్‌కి పరిగెత్తారు. న్యుమోనియా. తొమ్మిది రోజులు ఉంచి పంపారు. బతికాడు. ఆ లిస్టులో ఆ బాబు పేరున్న గీత నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. వేపాకులు పెట్టుకోండి, నేనేమీ అనను. దాంతోపాటు ఆ రోజే బిడ్డని డాక్టరుకి చూపించండి. వరసగా రెండు రోజులు విటమిన్ ఏ పడాలి.

మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా, ఆసుపత్రి లోపలికి రావడానికి భయమైతే మాకు ఫోను చెయ్యండి. విడిగా టైము ఇస్తాం, చెట్టు కిందైనా వేస్తాం. ఎంఆర్ సీసా కలిపాక నాలుగు గంటలు దాటితే పారబొయ్యాలి. అయినా సరే, ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరుస్తాం.

అపోహ: మధ్యలో తప్పింది కాబట్టి మళ్లీ మొదటి నుంచి వెయ్యాలి, లేదా ఇక లాభం లేదు.

రెండూ కావు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగిస్తాం, వేసిన డోసు వృథా పోదు. ఎంఆర్ ఐదేళ్ల దాకా వేస్తాం. ఏడాది దాటి పెంటావాలెంట్ (డీపీటీ కూడా కలిసి ఉండే ఐదు జబ్బుల టీకా) తప్పినవాళ్లకు ఏడేళ్ల లోపు డీపీటీ ఉంది. కరోనాలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. వాళ్లకు ఐదేళ్లకు వెయ్యాల్సిన డీపీటీ బూస్టరు చాలామంది మర్చిపోయారు. కార్డు తీసి ఆ గడి చూడండి. ఖాళీగా ఉంటే బుధవారం గానీ శనివారం గానీ తీసుకురండి. కార్డు పోయినా పర్వాలేదు, బిడ్డని తీసుకురండి, మా రిజిస్టరులో వెతుకుతాను.